ఎరువిచ్చిన పతకం

మా తమ్ముడికి యుద్ధంలో వచ్చిన పతకం వాడి ఛాతీ మీద ఉన్నది ఒక్క పూట. మిగతా కాలమంతా అది పెనుకొండ, హిందూపురం, ధర్మవరం జనాల బీరువాల్లోనూ, పూజ గదుల్లోనూ, టీవీల పైనా కాపురం చేసింది. ఇదేదో దొంగలు పడ్డ కథ కాదు. దాన్ని ఊరి మీదకు పంపింది మా అమ్మే. అడిగినవాళ్లను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మరీ పంపింది.

బయటివాళ్లకు చెప్తే నమ్మరు. మా పక్కవాళ్లకు చెప్తే "అందులో ఏముండాది?" అంటారు. ఎందుకంటే మాకు ఎరువు అనేది పొలానికి వేసేది ఒక్కటే కాదు. పెళ్లికో పేరంటానికో పక్కింటివాళ్ల నగ అడిగి తెచ్చుకుని, పెట్టుకుని, పని కాగానే తిరిగిచ్చేదాన్ని కూడా ఎరువు సొమ్ము అంటాం. 'ఎరువు సొమ్ము బరువు చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు' అని పొద్దున సామెత చెప్పినావిడే సాయంత్రం గొలుసు అడగడానికి వస్తుంది. దీనికి మర్యాదలున్నాయి. తెచ్చుకున్నదాన్ని ఒట్టిగా తిరిగి ఇవ్వకూడదు. గిన్నె అయితే గిన్నెలో, నగ అయితే నగ డబ్బాలో ఇంత చక్కెర వేసి, రెండు వక్కలు పెట్టి ఇవ్వాలి. డబ్బాలో చక్కెర ఉందంటే వస్తువు సొంత ఇంటికి తిరిగి వచ్చిందని అర్థం. మాట కూడా చెప్పనక్కర్లేదు.

మా అమ్మ పెళ్లి మొత్తం ఎరువు సొమ్ముతోనే జరిగింది. తాళిబొట్టు ఒక్కటే సొంతం. మరునాడు పొద్దున్నే ఇచ్చినవాళ్లంతా వరసగా వచ్చి, కొత్త అత్తగారి కళ్లెదుటే, ఎవరి కమ్మలు వాళ్లు, ఎవరి గాజులు వాళ్లు తీసుకుని పోయారట. "చెవులు, మెడ, చేతులు బోసిపాయె. మీ అవ్వ నా మొగం చూసి, 'ఇంగ ఈ పిల్లన్నా మనదేనా, అదీ ఎరువేనా' అనె" అని అమ్మ ఈ కథను నవ్వుతూ చెప్తుంది. వినేవాళ్లే నవ్వలేరు. నాయన బస్సు కండక్టరు. ఆయన పోయేదాకా మా ఇంట్లో ఇత్తడి బిందె కంటే విలువైన వస్తువు చేరలేదు. అమ్మ ఊరందరి దగ్గరా ఎరువు తెచ్చుకుంది గానీ, అమ్మ దగ్గరికి ఎరువుకు ఎవరూ రాలేదు. ఇవ్వడానికి ఏముంది గనక?

అలాంటి ఇంటికి పతకం వచ్చింది.

తెచ్చినవాడు నా ఒక్కగానొక్క తమ్ముడు. సైన్యంలో కెప్టెను. నిండా ముప్పై లేవు. చిన్నప్పుడు బల్లిని చూస్తే మంచమెక్కి, నేను దాన్ని తోలేదాకా దిగేవాడు కాదు. అలాంటివాడు సరిహద్దు కొండల్లో ఏం చేసి పతకం తెచ్చుకున్నాడో మాకెవరికీ చెప్పలేదు. "ఏదో అయినాది లేమ్మా" అనేవాడు. దెబ్బ తగిలిన తోటివాడిని కాల్పుల మధ్య భుజాన వేసుకుని కిందికి మోసుకొచ్చాడని పేపర్లో చదివి తెలుసుకున్నాం. ఆ తోటివాడు దారిలోనే చనిపోయాడని కూడా అందులోనే ఉంది, చివరి వాక్యంలో.

పతకం వచ్చిన వారంలో పెనుకొండలో ఫ్లెక్సీలు లేచాయి. వాటిలో మా తమ్ముడు తపాలా బిళ్లంత ఉన్నాడు, అభినందించేవాళ్లు తలుపులంత ఉన్నారు. సన్మానసభ పెట్టారు. శాలువా మీద శాలువా కప్పి, మంచు కొండల్లో చావనివాణ్ణి మే నెల ఎండలో చంపినంత పని చేశారు. చివరికి మైకు ఇస్తే వాడు, "నమస్కారం. నాతో కూడా ఇంగొకాయన ఉన్యాడు, ముందు ఆయన గురించి చెప్పాల..." అని మొదలుపెట్టాడు. అంతలో పెద్ద నాయకుడి కారు వచ్చింది. మైకు లాక్కుని జయజయధ్వానాలకు వాడుకున్నారు. మళ్లీ వాడి చేతికి రాలేదు. మరుసటి వారం శాలువా కప్పిన పెద్దమనిషే మా ఇంటికి వచ్చి, "మేడమ్, ఇంగో సన్మానముండాది. సారుకు కొండల్లో కంబళ్లిస్తారు కదా, శాలువా ఒకటి ఎరువిస్తే..." అన్నాడు. అమ్మ మడత నలగకుండా తెచ్చి ఇచ్చింది.

ఎరువు తలుపు తెరుచుకున్నది అక్కడే.

పతకాన్ని మొదట అడిగింది మా పెద్దమ్మ. కొడుక్కి సంబంధం వచ్చింది, పిల్లవాడికి కార్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, ఆడపిల్లవాళ్లు కాస్త గట్టివాళ్లు. టీవీ పైన పతకం ఉంటే ఇల్లు నిండుగా ఉంటుందని ఆమె ఆలోచన. పెట్టింది. సంబంధం కుదిరింది. పిల్లవాడి ఉద్యోగం వల్ల కుదిరిందా, పెద్దమ్మ నోటి వల్ల కుదిరిందా అని ఎవరూ ఆరా తీయలేదు. పతకానికి రాశి ఉందని, ఇంట్లో పెడితే కలిసొస్తుందని పేరొచ్చింది. ఆ తర్వాత చెప్పేదేముంది! దుకాణం ప్రారంభానికి పోయింది, పరీక్షకు పోయే పిల్ల సంచీలో పోయింది, బోరు వేసేముందు పాయింటు మీద నిమ్మకాయల పక్కన కూర్చుంది. ఒకాయనకు నీళ్లు పడ్డాయి. ఇంకొకాయనకు దుమ్ము లేచింది. అది పతకం తప్పు కాదనీ, డ్రిల్లింగు కుర్రాడు చెప్పులతో దాటాడనీ తీర్మానించారు.

అమ్మ షరతులు పెట్టింది. మైల ఉన్న ఇంటికి ఇవ్వదు. కంసాలికి చూపించకూడదు. చింతపండుతో తోమకూడదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం అందరూ మర్యాద ప్రకారం డబ్బాలో చక్కెర వేసి తెచ్చేవాళ్లు. నీలం మఖమలు డబ్బా నిండా చక్కెర. దేశం కోసం ప్రాణాలకు తెగించినందుకు ఇచ్చిన పతకం చుట్టూ చీమలు బారులు తీరి కవాతు చేసేవి. నేను తిట్టుకుంటూ ఊదేదాన్ని. "తిట్టొద్దు. సొంతగాళ్లకు చక్కెరొస్తాది. నా జన్మలో నాకెవురు చక్కెర తెచ్చినారు?" అనేది అమ్మ.

తమ్ముడు ఇది తెలిసి ఒక మంచి ఉపాయం చెప్పాడు. సైనికులు యూనిఫారం మీద నకలు పతకమే పెట్టుకుంటారు, అసలుది ఇంట్లో దాచుకుంటారు, ఆ నకలు ఒకటి పంపుతాను, ఎరువులకు అది వాడుకోండి అన్నాడు. పంపాడు కూడా. మా పెద్దమ్మ దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, "రోల్డుగోల్డా?" అని కింద పెట్టేసింది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మా వాడి ఛాతీ మీద ఒక్క పూట ఉన్నది పనికి వస్తుంది గానీ, రోజూ వాడి ఛాతీ మీద ఉండేలాంటిది పనికి రాదు.

ఇంతవరకూ నాకు నవ్వులాటగానే ఉండేది. తర్వాతిది కాదు.

చనిపోయిన ఆ తోటివాడిది ముదిగుబ్బ అవతల ఒక పల్లె. తల్లి ఒక్కతే ఉంది, గొర్రెలు మేపుకుంటుంది. పతకం ఆమె చేతికి ఇచ్చి రావాలని తమ్ముడి కోరిక. చూపించి తేవడం కాదు, ఇచ్చేయడం. మొదటిసారి సెలవులో ఈ మాట చెప్పినప్పుడు అమ్మ, "అట్లే నాయనా. ఇప్పుడే ఎరువిస్తి, అది వచ్చినాక పోదాం" అంది. రెండోసారీ ఎరువు పోయే ఉంది. మూడోసారి వాడు ముందే ఫోను చేసి చెప్పి వచ్చాడు. అప్పుడు కూడా ఎరువులోనే ఉంది. నేను జనాన్ని తిట్టాను. ఏ ఊరి జనమమ్మా వీళ్లు, పెళ్లి ముహూర్తాలన్నీ వీడి సెలవు చూసుకునే పెడతారా అన్నాను. అమ్మ పప్పు తాలింపు వేస్తూ వినిపించుకోనట్టు ఉండిపోయింది.

ఈసారి వాడు చెప్పకుండా వచ్చి పొద్దున్నే గుమ్మంలో నిలబడ్డాడు. మరునాడే తిరిగి ప్రయాణం. దూరం పోస్టింగు, మళ్లీ ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు.

"పతకం యాడుండాది?" అన్నాడు, చెప్పులు విడవకముందే.

"హిందూపురంలో. ట్రైనింగు సెంటరాయన తీస్కపాయె."

"పదండి, తెచ్చుకుందాం. ఆన్నించి అట్లే ముదిగుబ్బకు పోదాం."

అమ్మ మోకాళ్ల నొప్పి గుర్తు చేసుకుంది. వంట కాలేదంది. శనివారం అంది. తమ్ముడు నేరుగా మా పెద్దమ్మ ఇంటికి పోయి కారు అడిగి తెచ్చాడు. అంటే మేము బయల్దేరిన కారు కూడా ఎరువుదే. నేను ఆఫీసుకు సెలవు చెప్పి వెనక సీటులో అమ్మ పక్కన కూర్చున్నాను.

హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు దాటాక ఆ ట్రైనింగు సెంటరు. సైన్యంలో చేరాలనుకునే పిల్లలను పరుగెత్తించి దుడ్లు తీసుకునే చోటు. యజమాని నిండు మనిషి, సైన్యంలో చేరాలని తానూ ప్రయత్నించి, ఛాతీ కొలత దగ్గర ఆగిపోయాడట. ఇప్పుడా కొలతకు కొదవ లేదు గానీ, కొలవాల్సిన చోటు కిందికి జారింది. గోడ మీద మా తమ్ముడి ఫోటో ఉంది, వాడి భుజం మీద యజమాని చెయ్యి. వాళ్లిద్దరూ అంతకుముందు ఎప్పుడూ కలవలేదు. హాలు మధ్యలో అద్దాల పెట్టె, లోపల ఎర్ర బల్బు, ఎర్ర గుడ్డ. గుడ్డ మీద ఏమీ లేదు. పెట్టె ముందు మాత్రం అగరుబత్తి వెలుగుతూ ఉంది.

"పిల్లోళ్లు పరుగుకు పొయ్యేముందు మొక్కి పోతారు సార్" అన్నాడు.

"దేనికి మొక్కుతారు? లోపల లేదు కదప్పా" అన్నాను.

"నమ్మకం ఉండాది కదక్కా." ఆయన ఏ మాత్రం తడబడలేదు. "పతకం మా షడ్డకుడు ధర్మవరానికి తీస్కపోయినాడు. పట్టుచీరల యాపారం. రెండు దినాల్లో తెస్తానని చెప్పి నెలైపాయె."

ఎరువుకు తెచ్చింది ఇంకొకరికి ఎరువిస్తావా అని నేను గొంతు పెంచాను. ఎరువు మర్యాదల్లో అంతకన్నా పెద్ద నేరం లేదు. ఆయన నొచ్చుకున్నాడు.

"నేనేమన్నా అడిగి తెచ్చుకున్యానా అక్కా? అమ్మనే ఫోన్ జేసి పిలిచి ఇచ్చె. 'మా వాడు సెలవుకొస్తాండాడు, నువ్వు బిరబిరా వచ్చి తీస్కపో, నేను చెప్పేదాకా తేవద్దు' అనె. ఏమ్మా, అన్లేదా?"

అద్దాల పెట్టెకేసి చూస్తూ నిలబడ్డ అమ్మ తల ఎత్తలేదు.

కారు వెనక్కి తిరిగి పెనుకొండ దాటింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ అమ్మది మెత్తని మనసనీ, జనం నెత్తికెక్కుతున్నారనీ అనుకున్నాను. కొడుకు సెలవు తేదీ చూసుకుని పతకాన్ని ఇల్లు దాటిస్తోందని అనుకోలేదు. మామూలుగా నగలు పోకుండా ఇంట్లో దాస్తారు. ఈమె పోకుండా ఊళ్లలో దాచింది.

"ఏల చేస్తివమ్మా ఇట్ల?" అన్నాను చివరికి.

"ఇచ్చేస్తే ఇంగ మనకేముంటాది?" అంది, కిటికీ వైపు తిరిగి. "పుట్టిన్నాటి నుంచీ చెయ్యి చాపినదాన్నే. ఆ ఒక్కటి ఉండాదనే కదా నలుగురు నా గడప తొక్కుతాండేది. అది గూడ ఇచ్చేసి మళ్లా బోసి చేతులతో కూచోవాల్నా? వాడికేం, రేపు పోతాడు. ఈడ ఉండేది నేను."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. తమ్ముడు అద్దంలోంచి అమ్మను ఒకసారి చూసి మళ్లీ రోడ్డు మీదకు చూపు తిప్పాడు. కారు మాత్రం ధర్మవరం వైపే పోతూ ఉంది.

ధర్మవరంలో షడ్డకుడి దుకాణం చల్లగా, తెల్లగా, పరుపుల మీద పరుపులతో ఉంది. ఆయన మమ్మల్ని చూడగానే లేచి చేతులు జోడించి, చీర ఒకటి విదిలించి పరిచాడు. చూసి నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. అంచు మా తమ్ముడి పతకం రిబ్బను రంగుల్లో ఉంది. ఒళ్లంతా బుటాలు. ప్రతి బుటా ఒక పతకం. పైటకొంగులో పళ్లెమంత పతకం జరీతో మెరుస్తోంది.

"పతకం పట్టు అని పేరు పెట్టినాము మేడమ్. డిజైనుకు అసలుది ముందర ఉండాల కదా, అందుకే తెస్తిమి. బుటా చూడండి, ఎంత కచ్చితంగా పడిండాదో! కొందరు దేవుడి కాసనుకోని కొంటాండారు, అనుకోనీలే. తొలిచీర మీకే పెడతాండా, కాదనకూడదు."

అసలు పతకం బిల్లు పుస్తకం పక్కన కొలత టేపు కింద ఉంది. తమ్ముడు టేపు తీసి పక్కన పెట్టి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పక్కనే ఉన్న నీలం డబ్బాలో పెట్టి మూత వేశాడు. అమ్మ చీర అంచు మీద వేలు పెట్టి ఒక్కో పతకాన్నీ తడుముతూ కూర్చుంది. ఎన్నని తడుముతుంది! మూరకు పది ఉన్నట్టున్నాయి.

"సార్, ఇంగొక్క మాట" అన్నాడు వ్యాపారి. "చీర డబ్బాలో చిన్న కార్డు పెడదామని. పతకం కథ. కొనేవాళ్లు అడుగుతాండారు. ఎవురన్నా చచ్చిపోయింటే అది గూడ చెప్పండి. సెంటిమెంటు ఉంటే చీర బాగ పోతాది."

నేను నోరు తెరిచేలోపే తమ్ముడు జవాబు చెప్పాడు. అడిగినవాడు ఎలాంటివాడైనా, చచ్చిపోయినవాడి గురించి అడిగింది మాత్రం వాడొక్కడే అనుకుంటా. మైకు పోయాక ఇన్నేళ్లకు.

"చచ్చిపోయినాడప్పా. మన ముదిగుబ్బ పక్కాయన. ఆ కొండల్లో మన మాట మాట్లాడేది ఆయనొక్కడే. పొద్దున లేస్తే 'యాడికి పోతాండావు సారూ, చలి ఉండాది' అనేవాడు. ఆ దినం కాల్పులు మొదలైతే నేను ఎక్కడుండానో నాకే తెలీలేదు. నిలబడిపోయినా. ఆయన ఎగబడి నన్ను కిందికి తోసి, నా ముందర నిలబడినాడు. నాకు తగలాల్సిన గుండ్లు ఆయనకు తగిలె. నేను చేసిందల్లా ఆయన్ను మోసుకోని రావడమే. దార్లో ప్రాణం పాయె. నేను పైవాళ్లకు ఉన్నదున్నట్టే చెప్పినా. మోసుకొచ్చింది అందురూ చూసినారు. ఆయన ముందర నిలబడింది నేనొక్కణ్ణే చూసినా. అందుకే నాకొచ్చె."

దుకాణంలో చీరలు మడత పెడుతున్నవాళ్లు కూడా ఆగిపోయారు. వ్యాపారి, "అయ్యో సార్, ఇది కార్డులో పట్టదు" అన్నాడు. ఆ రోజు మొత్తంలో ఆయన అన్న తెలివైన మాట అదొక్కటే.

అమ్మ చీరను మడిచి ఆయన వైపు తోసింది. "వద్దు నాయనా. నేను కట్టుకోను" అని లేచింది. తమ్ముడి చేతిలోంచి డబ్బా తీసుకుని, కొంగు చాటున పెట్టుకుని, చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే కారెక్కింది. నాకు భయమేసింది. డబ్బా పట్టుకున్న తీరు చూస్తే ముదిగుబ్బలో కారు దిగి బస్సెక్కి ఇంటికి పారిపోయేలా ఉంది.

ముదిగుబ్బ బస్టాండు దగ్గరికి రాగానే నిజంగానే, "కారు నిలుపు" అంది. దిగింది. డబ్బా తీసుకునే దిగింది. ఒక చిల్లరకొట్టులోకి పోయి చాలాసేపు నిలబడింది. తమ్ముడు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అటే చూస్తూ ఉన్నాడు. పోయి పిలుచుకొస్తానని నేను తలుపు తీయబోతే, "ఉండనీక్కా. అమ్మే రానీ" అన్నాడు. అమ్మ వచ్చింది. ఏం కొన్నావంటే చెప్పలేదు. డబ్బా ఇదివరకటిలాగే కొంగు చాటున ఉంది.

పల్లె చిన్నది. ఎర్రమట్టి, చెనిక్కాయ చేలు, ముళ్లకంప వేసిన గొర్రెల దొడ్డి. దొడ్డి పక్కనే బండల మిద్దె. ఆమె అప్పుడే గొర్రెలను తోలుకుని వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. మా అమ్మకంటే కొంచెం పెద్దది, కొంచెం ఎండిపోయింది. తమ్ముడు ముందు రెండుసార్లు ఒట్టి చేతులతో వచ్చి పోయాడు గనక గుర్తుపట్టింది. "వస్తివా నాయనా" అని వాడి చెయ్యి పట్టుకుని, విడవకుండానే మమ్మల్ని లోపలికి పిలిచి చాప వేసింది. గోడ మీద కొడుకు ఫోటో. నేను వాడి ముఖం మొదటిసారి చూడటం. నవ్వుతున్నాడు, ఒక పన్ను కాస్త వంకర.

"మా యమ్మ" అని తమ్ముడు పరిచయం చేశాడు.

"పెనుకొండమ్మవా!" అందామె. "నువ్వేనా తల్లీ, పతకం ఎరువిచ్చే అమ్మ? ముదిగుబ్బ బస్సులో చెప్పుకుంటాంటే వింటి. బోర్లకు గూడ ఇస్తావంట. నేను గూడ అడగాలనుకుంటి. నా కొడుకు తద్దినం నాడు ఒక్కపూట ఫోటో కాడ పెట్టుకుందామని. అంత పెద్ద వస్తువు, నేనేమో గొర్లకాపరిదాన్ని, ఎట్ల అడుగుదునని సిగ్గైపాయె."

ఆ మాటలు నాకు ఎక్కడ గుచ్చుకున్నాయో ఇప్పటికీ నొప్పి తెలుస్తుంది. బోరు పాయింటుకు, టీవీ నెత్తికి, అగరుబత్తి పొగకు, చీరల కొట్టుకు పోయిన పతకం. అడగడానికి సిగ్గుపడింది ఈమె ఒక్కతే.

అమ్మ కొంగు చాటు నుంచి డబ్బా తీసి రెండు చేతులతో ఆమె ముందు పెట్టింది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. డబ్బా అందుకుంది గానీ తెరవలేదు.

"ఎన్ని దినాలకిస్తాండావు తల్లీ? ఎప్పుడు తిరిగి తేవాల? జాగర్తగా పెట్టుకుంటాలే."

తమ్ముడు అమ్మను చూశాడు, నేను అమ్మను చూశాను. 'ఎనిమిది దినాలు' అంటుందేమో అనుకున్నాను. అంటే ఆమె సంతోషంగానే తీసుకునేది. తొమ్మిదో రోజు బస్సెక్కి పెనుకొండకు తెచ్చిచ్చేది కూడా.

"తెరిచి చూడక్కా" అంది అమ్మ.

ఆమె మూత తీసింది. పతకం కనిపించలేదు. డబ్బా అంచుల దాకా చక్కెర, పైన రెండు వక్కలు. కొట్టులో అమ్మ కొన్నది అదే. ఆమె అర్థం కాక మమ్మల్నీ, డబ్బానూ మార్చి మార్చి చూసింది. వేలితో చక్కెర పక్కకు తోస్తే లోపల రిబ్బను రంగు బయటపడింది.

"ఇదేంది తల్లీ, చక్కెరేసి ఇస్తాండావు? తిరిగిచ్చేటప్పుడు కదా వేసేది. మేమెప్పుడిచ్చినాము మీకు?"

"మీరిచ్చిందేనక్కా. సొమ్ము మీది" అంది అమ్మ. "నీ కొడుకు నా కొడుకుకిచ్చె. ఇన్నాళ్లూ మేమే ఎరువు పెట్టుకోని తిరిగినాము. తిరిగిచ్చేది ఆలీశమైపాయె, ఏమనుకోవద్దు."

ఆమె పతకాన్ని చక్కెరలోంచి ఎత్తి, కొంగుతో తుడిచి, కళ్లకు అద్దుకుంది. చాలాసేపు అట్లాగే పట్టుకుంది. తర్వాత డబ్బాలోంచి చిటికెడు చక్కెర తీసి, ముందు ఫోటోలో కొడుకు పెదవులకు తాకించి, మిగిలింది మా తమ్ముడి నోట్లో పెట్టింది. పేపర్లలో సింహమని రాయించుకున్న మా కెప్టెను చిన్నపిల్లవాడిలాగా నోరు తెరిచాడు.

"చీమలుంటాయి, చూసుకో నాయనా" అంది అమ్మ, ముక్కు చీదుకుంటూ.